కదలికను పట్టడం – ఐదవ పాఠం: చెయ్యి వణికిందా, మనిషి కదిలాడా?

షట్టర్ వేగాన్ని, అంటే కెమెరా వెలుతురును లోపలికి రానిచ్చే సమయాన్ని, 1/15 సెకనుకు తగ్గించి వీధిని తీయమని గత పాఠంలో చెప్పాను. మధ్యాహ్నం తీసినవారి చిత్రాలు తెల్లగా వెలిసిపోగా, సాయంత్రం తీసినవారివి మొత్తంగా అలుక్కుపోయాయి. మొదటిదానికి మందు చిన్నదే. నిండు ఎండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/16 పెడితే సుమారు 1/125 సెకను వేగం సరిపోతుంది. 1/15కు దిగితే దాదాపు ఎనిమిది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది కనుక, దానిని ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం) బిగించాలి. అపర్చర్‌ను ఎఫ్/22కు మూస్తే చిత్రం పదును తగ్గుతుంది; నేనైతే ఆ దారి పట్టను, పొద్దు వాలేదాకా ఆగుతాను.

అసలు చిక్కు రెండవది. అలుక్కుపోయిన ప్రతి చిత్రాన్నీ కదలిక చిత్రమని చెప్పుకోవడం నాకు బొత్తిగా నచ్చదు. చిత్రంలో కదలని వస్తువును, అంటే కరెంటు స్తంభాన్నో దుకాణం బోర్డునో, పెద్దది చేసి చూడండి. బోర్డు మీది అక్షరాలకు జంట అంచులు కనిపించి, స్తంభం కూడా అదే దిక్కుకు సాగి ఉంటే, వణికింది మీ చెయ్యి. ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండ్) వాడినా వణుకు వచ్చిందంటే మూడు అనుమానాలు: బటన్‌ను వేలితో నొక్కారు, ట్రైపాడ్ మధ్య గొట్టాన్ని పూర్తిగా పైకి లేపారు, లేదా లెన్స్‌లో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్‌ను ఆపలేదు. రెండు సెకన్ల టైమర్ పెడితే మొదటిది తీరుతుంది.

ఈ తేడా తెలియడానికి బతుకమ్మను మించిన పాఠం లేదు, ఎందుకంటే నడుమ పూల బతుకమ్మ నిశ్చలంగా ఉంటుంది, చుట్టూ ఆడవాళ్లు తిరుగుతుంటారు. హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ట్రైపాడ్ మీద 1/8తో తీస్తే చప్పట్లు కొట్టే చేతులు, కొంగులు మాత్రమే చెదురుతాయి. అర సెకనుకు ముఖాలు కరిగిపోతాయి. రెండు సెకన్లకు చీరల రంగులే వలయంగా మిగులుతాయి. నాకు 1/4 ఇష్టం. వంగి చప్పట్లు కొట్టేటప్పుడు అడుగు ఒక క్షణం ఆగుతుంది కనుక, ఆ తరువాతి అడుగు పడేటప్పుడు తీయాలి. కెమెరాకు అడ్డంగా సాగేవారు ఎక్కువగా చెదురుతారు, ఎదురుగా వచ్చేవారు తక్కువగా చెదురుతారు. తంగేడు, గునుగు పూల అంచులు స్పష్టంగా లేకపోతే ఆ చిత్రాన్ని తీసివేయండి.

అభ్యాసం: హన్మకొండ చౌరస్తాలో చీకటి పడకముందు, ట్రైపాడ్ లేకుండా, స్తంభానికి భుజం ఆనించి, 1/15 వద్ద, కెమెరాకు అడ్డంగా సాగే ఇరవై ఆటోలను తీయండి. వెనుక బోర్డు మీది చిన్న అక్షరాలు కూడా చదవగలిగేలా ఉన్న చిత్రాలు అయిదు వచ్చేదాకా ఆరవ పాఠం మొదలుపెట్టకండి.