ఫ్రాన్స్ పల్లెల్లో ఇల్లు చూస్తున్నారా? జనవరిలో చూడండి

ఫ్రాన్స్‌లో చిన్న ఊళ్లో స్థిరపడదామనుకునేవాళ్లు ఆగస్టులో ఊరు చూసి మనసు పారేసుకోకండి. జనవరిలో, మామూలు పనిరోజున వెళ్లండి (సోమవారం వద్దు, చాలా దుకాణాలకు ఆ రోజే సెలవు). దొర్దోన్ లాంటి చోట్ల వేసవిలో కిక్కిరిసే వీధుల్లో చలికాలం వచ్చేసరికి ఎన్నో కిటికీలు మూసేసి కనిపిస్తాయి. అవన్నీ సెలవులకు వచ్చేవాళ్ల ఇళ్లు. అప్పుడు కూడా బేకరీ, మందుల షాపు తెరిచి ఉన్నాయంటే ఆ ఊళ్లో ఏడాది పొడుగునా జనం ఉంటున్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యం డాక్టరు. ఇళ్లు చవగ్గా దొరికే క్రూజ్ లాంటి జిల్లాల్లో డాక్టర్ల కొరత బాగా ఉంది. అక్కడి ఆరోగ్య బీమాలో మీ పేరు ఒక డాక్టరు దగ్గర నమోదై ఉండాలి. లేకపోతే మామూలు కన్సల్టేషన్‌కు 70 శాతం బదులు 30 శాతమే వెనక్కి వస్తుంది. అందుకే ఇంటి కాగితాల మీద సంతకం పెట్టకముందే చుట్టుపక్కల క్లినిక్‌లకు ఫోన్ చేసి, కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారా అని అడగండి. ఇంటి ఏజెంటు మాట నమ్మొద్దు, ఆయనకు కావాల్సింది కమీషన్.

రెసిడెన్స్ కార్డు పని ఆ జిల్లా ప్రిఫెక్చర్‌తోనే (జిల్లాలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) కాబట్టి, కారు లేకుండా అక్కడికి ఎలా వెళ్లాలో కూడా చూసుకోండి. ఏరు పక్క ఇల్లయితే ప్రభుత్వ వెబ్‌సైట్ జియోరిస్క్‌లో అడ్రస్ కొట్టండి, వరద ముప్పు ఉందో లేదో ఉచితంగా చూపిస్తుంది.