గుండె పరిశోధనకు ఒప్పుకునే ముందు, ఒప్పుకున్నాక

మాది కావలి. నాకు 67 ఏళ్లు. 40 ఏళ్లు ఇంట్లోనే జాకెట్లు కుట్టాను. పోయిన వేసవిలో మా వీధికి వచ్చే ఆశా అమ్మాయి, "65 దాటినోళ్లకు గుండె లయ చూసే పరిశోధన జరుగుతోంది, వస్తావా పెద్దమ్మా" అని అడిగింది. మా తోడికోడలికి గుండె లయ తప్పుతోందని పక్షవాతం వచ్చి పడిపోయాకే తెలిసింది. అందుకే సరేనన్నాను.

ఆ లయ తప్పడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతుంటే అక్కడ రక్తం నిలిచి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. చాలామందికి దడ కూడా తెలియదు.

సంతకం దగ్గర తొందరపడొద్దు. మొదటిరోజు ఒక కుర్రాడు కాగితం ముందు పెట్టి "ఇక్కడ పెట్టండమ్మా" అన్నాడు. నేను పెట్టలేదు. తెలుగులో ఉన్న సమాచార పత్రం అడిగి ఇంటికి తెచ్చుకుని, మా మనవరాలితో రెండుసార్లు చదివించుకున్నాను. పరిశోధనలో చేరేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో అందులో చూడండి. చదవడం రానివాళ్లకు సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలి. సంతకం చేసిన కాగితం కాపీ మనకివ్వాలి. ఎప్పుడైనా మానేయొచ్చు, దానివల్ల మన వైద్యం ఆగదు.

ఇంకొకటి తప్పకుండా అడగండి: తేడా కనబడితే నాకు చెప్తారా, ఎన్నాళ్లకు, తర్వాత ఎవరు చూస్తారు? కొన్ని పరిశోధనల్లో ఫలితం వెంటనే మన చేతికి రాదు. నాకు మూడు వారాలన్నారు, అది కాగితం మీద రాయించుకున్నాను.

పరీక్ష రోజున ముందువైపు హుక్కులున్న జాకెట్ వేసుకోండి. గుండె లయను గీతల్లో చూపే ఈసీజీ పరీక్షకు, తీగలుండే బిళ్లలు చేతులకూ కాళ్లకూ నాలుగు, ఛాతీ మీద ఆరు అంటిస్తారు. ఆడ నర్సు కావాలని అడగడానికి మొహమాటం వద్దు. రోజూ వేసుకునే మందులు మీ అంతట మీరు ఆపకండి, మందుల చీటీ పట్టుకెళ్లండి. బీపీకి అరగంట ముందు టీ, కాఫీ వద్దు. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూడమనండి.

తర్వాత ఛాతీకి గుండె లయను నమోదు చేసే పట్టీ, ప్యాచ్ అంటారు, ఒకటి అంటించారు, 14 రోజులకు. మన ఎండల సంగతి తెలిసిందే! పైగా స్నానమయ్యాక అలవాటు కొద్దీ కొబ్బరినూనె రాసుకున్నాను. నాలుగో రోజుకి అంచు లేచింది. ప్లాస్టర్ వేద్దామనుకుని, ఆగి వాళ్లకే ఫోన్ చేశాను, వచ్చి సరిచేశారు. మీరు ఆ చుట్టుపక్కల నూనె, పౌడరు రాయకండి. దడ అనిపించినప్పుడు ప్యాచ్ మీది బటన్ నొక్కి, టైమ్, అప్పుడు చేస్తున్న పని పుస్తకంలో రాయాలి. నేను ఆరుసార్లు రాశాను. ఛాతీలో నొప్పి, మూతి వంకర, మాట తడబాటు వస్తే మాత్రం పరిశోధన వాళ్లకు కాదు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

నా లయ బాగానే ఉందన్నారు. బీపీ ఎక్కువుందని తేలి ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నాను. ఆ 14 రోజుల్లో కనపడలేదంటే ఎప్పటికీ రాదని కాదు, అది డాక్టరమ్మే చెప్పింది. అందుకని ఆదివారం పొద్దున బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషం పాటు నాడి చూసుకుంటాను. మిషన్ కుట్టు వరసగా పడ్డట్టు ఉండాలి. కుట్లు దాటుతున్నట్టు అస్తవ్యస్తంగా తగిలితే ఈసీజీకి వెళ్లాలి. మా వీధిలో నలుగురికి నేర్పాను, ఐదో ఆమె ఈ వారం వస్తానంది.