సాస్‌తో వడ్డించే చేప వేపుడులో పోషక విలువలను ఎలా లెక్కించాలి?

చేప ఒక్కటే అయితే దాని పోషక విలువ తెలుసుకోవడం సులువు. ఆహార పట్టికలో ఆ చేప పేరుకు ఎదురుగా ఉన్న అంకెలు చూస్తే సరిపోతుంది. అదే చేపకు పిండి అద్ది, నూనెలో వేయించి, నంజుకోవడానికి సాస్ పెట్టినప్పుడు పళ్లెంలో నాలుగు పదార్థాలు చేరతాయి: చేప, పిండి పూత, ముక్క పీల్చుకున్న నూనె, సాస్. పట్టికల్లో ‘చేప వేపుడు, 100 గ్రాములు’ అని కనిపించే అంకె ఎవరో ఎప్పుడో ఒక పద్ధతిలో వండిన వంటకానికి సంబంధించినది కాబట్టి, పూత మందం గానీ నూనె వేడి గానీ మారితే అది మన వంటకు వర్తించదు. ఈ నాలుగింటినీ విడివిడిగా తూచి, చివరికి కూడటమే నమ్మదగిన మార్గం. ఇందుకు గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు, కొలత చెంచా, కాగితం, కలం ఉంటే చాలు.

1. చేపను పచ్చిగా ఉన్నప్పుడే తూచండి

ముల్లు, తోక, రెక్కలు తీసివేసి, తినే భాగాన్ని మాత్రమే తూచాలి. పచ్చి బరువుకు పచ్చి చేప అంకెలనే వాడాలన్నది ఇక్కడ తప్పనిసరి నియమం. వేగేటప్పుడు చేపలోని నీరు ఆవిరై ముక్క బరువు తగ్గుతుంది గానీ మాంసకృత్తులు దాదాపు అలాగే ఉంటాయి. వేగిన ముక్కను తూచి పచ్చి చేప అంకెలతో గుణిస్తే మాంసకృత్తులు ఉన్నదానికంటే తక్కువగా తేలతాయి.

చేప రకం కూడా రాసుకోవాలి. కాడ్ వంటి కొవ్వు తక్కువ చేప 100 గ్రాముల్లో సుమారు 82 కిలోక్యాలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు, ఒక గ్రాము కంటే తక్కువ కొవ్వు ఉంటాయి. పెంపకపు అట్లాంటిక్ సాల్మన్‌లో అదే బరువుకు సుమారు 208 కిలోక్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు, 13 గ్రాముల కొవ్వు ఉంటాయి. మాంసకృత్తుల్లో పెద్ద తేడా లేదు. కిలోక్యాలరీల్లో తేడా దాదాపు అంతా కొవ్వు వల్ల వచ్చిందే. ఒక గ్రాము కొవ్వు 9 కిలోక్యాలరీల శక్తినిస్తే, మాంసకృత్తులు, పిండిపదార్థాలు గ్రాముకు నాలుగేసి మాత్రమే ఇస్తాయి. మున్ముందు లెక్కంతా ఈ అంకెల మీదే నడుస్తుంది.

2. అంటుకున్న పిండినే లెక్కలోకి తీసుకోండి

పళ్లెంలో పోసిన పిండిని ముందు ఒకసారి, ముక్కలకు అద్దడం పూర్తయ్యాక మిగిలినదాన్ని మరొకసారి తూచి, తేడాను రాసుకోవాలి. మైదా 100 గ్రాముల్లో సుమారు 364 కిలోక్యాలరీలు, 76 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. గుడ్డు, రొట్టె పొడి వాడితే వాటినీ ఇదే విధంగా కొలవాలి.

3. ముక్కలు పీల్చుకున్న నూనెను తూచండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే, ఫలితాన్ని ఎక్కువగా మార్చేదీ ఇదే. మూకుడులో పోసిన నూనెంతా కడుపులోకి వెళ్లదు. అలాగని ‘కొద్దిగానే పీల్చింది’ అని కంటితో తేల్చడమూ కుదరదు. పొయ్యి వెలిగించకముందే నూనెను మూకుడుతో సహా తూచాలి. వేయించడం ముగిసి నూనె పూర్తిగా చల్లారాక, అడుగున పడిన పిండి నలుసులను వడకట్టి, అదే మూకుడుతో మళ్లీ తూచాలి. కాగే నూనెను త్రాసు మీదికి ఎత్తడం ప్రమాదకరం కనుక ఈ విషయంలో తొందర పనికిరాదు. చేపలోంచి వచ్చిన నీరు ఆవిరిగా పోతుంది కాబట్టి తగ్గిన బరువు ఇంచుమించు నూనెదే. ముక్కలను కాగితం మీద ఆరబెడితే, ఆ కాగితాన్ని ముందూ తరువాతా తూచి, అది పీల్చిన నూనెను ఈ తేడాలోంచి తీసివేయాలి.

నూనె ఎప్పుడు లోపలికి వెళుతుందో తెలిస్తే దాన్ని తగ్గించడమూ తెలుస్తుంది. ముక్క వేగుతున్నంతసేపూ లోపలి నీరు ఆవిరై బయటికి తోసుకొస్తూ నూనెను అడ్డుకుంటుంది. ముక్కను బయటికి తీసి అది చల్లబడుతున్నప్పుడు ఆ ఆవిరి ఒత్తిడి తగ్గిపోయి, పైన అంటుకున్న నూనె పూతలోని సన్నని రంధ్రాల గుండా లోపలికి ఇంకుతుంది. అందువల్ల మూకుడులోంచి తీసిన వెంటనే, ముక్క ఇంకా బాగా వేడిగా ఉన్నప్పుడే నూనె వార్చడం ఎంతో ముఖ్యం. నూనెను 175 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, వేడి పడిపోకుండా కొద్ది ముక్కలనే ఒక్కో వాయిగా వేయాలి. ముక్క మధ్యభాగం 63 డిగ్రీలకు చేరితే చేప తినడానికి సురక్షితంగా ఉడికినట్టే. అంతకు మించి మాడ్చవలసిన అవసరం లేదు.

కొవ్వు చేపల విషయంలో ఒక మెలిక ఉంది. వాటి సొంత కొవ్వు కొంత నూనెలోకి కరిగిపోతుంది, ఆ స్థానంలోకి వంటనూనె చేరుతుంది. త్రాసు చూపే తేడాతో మొత్తం కిలోక్యాలరీల లెక్క చెడదు గానీ, చేపలో ఉన్న ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలన్నీ పళ్లెంలోకి వచ్చాయని అనుకోకూడదు. ఒమేగా-3 కోసమే సాల్మన్ లేదా మ్యాకెరెల్ తినేవారు దాన్ని ఆవిరి మీద గానీ ఓవెన్‌లో గానీ వండుకుని, వేపుడుకు కొవ్వు తక్కువ చేపను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

4. సాస్ కలపకముందు కూడి చూడండి

నలుగురి కోసం 400 గ్రాముల కాడ్, అంటుకున్న మైదా 50 గ్రాములు, పీల్చుకున్న నూనె 40 గ్రాములు అనుకుందాం. చేప నుంచి 328, మైదా నుంచి 182, నూనె నుంచి 360, మొత్తం 870 కిలోక్యాలరీలు. అంటే ఒక్కొక్కరికి సుమారు 217 కిలోక్యాలరీలు, 19 గ్రాముల మాంసకృత్తులు, 11 గ్రాముల కొవ్వు, 9 లేదా 10 గ్రాముల పిండిపదార్థాలు. 40 గ్రాముల నూనె 400 గ్రాముల చేప కంటే ఎక్కువ శక్తినిచ్చిందని గమనించండి. బి12 విటమిన్, సెలీనియం, అయోడిన్ వంటివి ప్రధానంగా చేప ఇచ్చేవే. నూనె, మైదా పెరిగినా ఇవి పెద్దగా పెరగవు.

5. సాస్‌ను చెంచాతో కొలవండి

గిన్నెలో పోసినదాన్ని కాకుండా తిన్నదాన్నే లెక్కించాలి. మయోనైజ్ టేబుల్‌స్పూన్‌కు దాదాపు 95 కిలోక్యాలరీలు, 10 గ్రాముల కొవ్వు ఉంటాయి. పై ఉదాహరణలోని వ్యక్తి రెండు చెంచాల మయోనైజ్ వేసుకుంటే ఆయన భోజనం 217 నుంచి 400 కిలోక్యాలరీలు దాటుతుంది. సాస్‌లోని కొవ్వు, వేయించిన ముక్కలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు అవుతుంది. వేయించడాన్ని తప్పుపడుతూ సాస్ గిన్నెను పట్టించుకోనివారికి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు. అదే రెండు చెంచాల టమాటా కెచప్ అయితే 35 కిలోక్యాలరీలకు అటూ ఇటూ ఉంటుంది, కాకపోతే అందులో 7 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. వెల్లుల్లి, నిమ్మరసం కలిపిన చిక్కటి పెరుగు 30 గ్రాములు 20 నుంచి 30 కిలోక్యాలరీల దగ్గరే ఆగుతుంది.

6. ఉప్పును వేరుగా రాసుకోండి

కిలోక్యాలరీలు తక్కువని సోయా సాస్‌ను నిర్భయంగా పోసుకోకూడదు. ఒక్క టేబుల్‌స్పూన్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలు రోజుకు 2,000 మిల్లీగ్రాముల కంటే తక్కువ సోడియం, అంటే 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రెండు చెంచాలతోనే దాదాపు ఆ హద్దు చేరుకుంటాం, చేపకు పట్టించిన ఉప్పు దానికి అదనం. సీసా మీద సోడియం మాత్రమే రాసి ఉంటే, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. అక్కడి అంకెలు 100 గ్రాములకా, ఒక వడ్డనకా అన్నది ముందు చూసుకోవాలి.

ఒకసారి వేసిన లెక్కను అదే చేప, అదే పరిమాణపు ముక్కలు, అదే పూత ఉన్నంతవరకు మళ్లీ వాడుకోవచ్చు. ముక్కలు పల్చగా కోసినా, పిండిని జారుగా కలిపి ముంచినా, బరువుతో పోల్చితే పైభాగమో పూతో పెరిగి నూనె ఎక్కువ పడుతుంది కాబట్టి, రెండో, మూడో మెట్లను మాత్రం కొత్తగా చేయాలి.