బొక్కల వార్డులో మొదటి ఏడాది: ఆర్థో పీజీలో కొత్తగా చేరినవాళ్ళకి

ముందు భాష సంగతి. మాది భీమవరం వైపు, అక్కడ బొక్క అంటే చిల్లు, తెలంగాణలో బొక్క అంటే ఎముక. హైదరాబాద్‌లో ఆర్థోలో జాయిన్ అయిన మొదటి వారం క్యాజువాలిటీలో ఒక పెద్దాయన "బొక్క ఇరిగింది సారూ" అంటే చిల్లు విరగడమేంటా అని రెండు సెకన్లు ఆయన మొహమే చూస్తూ నిలబడిపోయా. ఇక్కడ మనం బొక్కల డాక్టర్లం, అది తిట్టు కాదు, అలవాటైపోతుంది. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్ళ కోసం కాస్త ఉర్దూ కూడా కావాలి, "ఉంగ్లియా హిలావో", "సున్న్ హోగయా క్యా", "ఖానా కబ్ ఖాయే" ఈ మూడు ముక్కలు వస్తే చాలు సగం ఎగ్జామినేషన్ అయిపోయినట్టే, ఎందుకంటే వేళ్ళు కదులుతున్నాయా, మొద్దుబారిందా, ఎప్పుడు తిన్నారు అనేవే రాత్రంతా మనం అడిగేవి.

ఫస్ట్ ఇయర్‌లో మీకు డ్రిల్ ఎవరూ ఇవ్వరు, ఆ ఆశ పెట్టుకోకండి. మీ పని కట్టు కట్టడం, కట్టాక వేళ్ళు చూడటం, మళ్ళీ వెళ్ళి వేళ్ళు చూడటం. వినడానికి చిన్న పనే. నేను దాంట్లోనే దెబ్బ తిన్నా.

అప్పటికి నేను చేరి రెండు నెలలు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, బైక్ మీంచి పడి టిబియా షాఫ్ట్, అంటే మోకాలి కింది పెద్ద ఎముక నడిమి భాగం, విరిగింది, చర్మం చిట్లలేదు. నేనే స్లాబ్ (చుట్టూ మూసేయకుండా వేసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అంటే పీఓపీ కట్టు) వేశా, రాత్రి పదకొండుకి పల్స్ చూశా, బాగుంది. ఒంటిగంటకి సిస్టర్ గారు ఫోన్ చేసి "ఆ అబ్బాయి ఏడుస్తున్నాడు సార్" అంటే నొప్పి మందు ట్రమడాల్ ఇవ్వమని చెప్పి పడుకున్నా. రెండింటికి మళ్ళీ ఫోన్. చిరాగ్గా వెళ్ళి పల్స్ పట్టుకుని చూసి, ఉందిగా, నొప్పి తట్టుకోలేని టైపేమో అనుకుని తిరిగొస్తుంటే అటుగా వెళ్తున్న మా సెకండ్ ఇయర్ అన్న ఏమీ అడక్కుండా వాడి బొటనవేలు పట్టుకుని మెల్లగా కిందకి వంచాడు. వాడు మంచం మీంచి లేచినంత పని చేశాడు. అన్న కత్తెర తీసి స్లాబ్ బ్యాండేజీ, లోపల దూది చుట్ట (సాఫ్ట్ రోల్), అన్నీ చర్మం కనపడేదాకా కత్తిరించేశాడు, దిండు తీసేసి కాలు గుండె ఎత్తుకి దించాడు, అరగంట చూసినా నొప్పి తగ్గలేదు, సార్‌కి ఫోన్ చేశాం, తెల్లారకముందే ఫేషియాటమీ, అంటే కండరాల మీది పొర కోసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్, అయ్యింది. కాలు దక్కింది. ఆ కుర్రాడు డిశ్చార్జ్ అయ్యేటప్పుడు నాకు థ్యాంక్స్ చెప్పాడు, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

దీని పేరు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, వాపుతో లోపల ఒత్తిడి పెరిగి కండరానికి రక్తం అందకపోవడం. దీంట్లో పల్స్ చివరిదాకా ఉంటుంది. పల్స్ ఉంది కాబట్టి ఏం లేదు అనే మాట మర్చిపోండి. దెబ్బకి మించిన నొప్పి, ఇంజెక్షన్ ఇచ్చినా ఆగని నొప్పి, వేలు మనం కదిలిస్తే ప్రాణం పోయే నొప్పి, వీటిలో ఏది కనపడినా ముందు కట్టు విప్పండి, తర్వాత సీనియర్‌కి ఫోన్ చేయండి. కండరానికి రక్తం అందక ఆరు గంటలు దాటితే చేయడానికి పెద్దగా ఏం మిగలదు. స్లాబ్ మళ్ళీ వేసుకోవచ్చు, పది నిమిషాల పని. సిస్టర్ ఒకే పేషెంట్ గురించి రెండోసారి ఫోన్ చేశారంటే మందు చెప్పి పెట్టేయకండి, చెప్పులేసుకుని వెళ్ళండి.

ఇక స్లాబ్. కొత్త ఫ్రాక్చర్‌కి చుట్టూ మూసేసే ఫుల్ కాస్ట్ వేయొద్దు, వాపు వస్తుంది, స్లాబే వేయాలి. చేతికి 8–10 పొరలు, కాలికి 12–16, మనిషి లావుని బట్టి. సాఫ్ట్ రోల్ దగ్గర పిసినారితనం చేయకండి, మడమ, మోకాలి బయటివైపు సన్న ఎముక (ఫిబులా) మెడ, మోచేతి కొన దగ్గర ఇంకో రెండు చుట్లు ఎక్కువ వేయండి. తొందరగా గట్టిపడుతుందని వేడినీళ్ళు వాడేవాళ్ళని చూశా, పీఓపీ గట్టిపడేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది, దానికి వేడినీళ్ళు తోడై కింద దిండు కూడా ఉంటే చర్మం కాలుతుంది. మామూలు కుళాయి నీళ్ళు, బుడగలు ఆగేదాకా ముంచి, పిండి, అరచేత్తో సర్దాలి, వేలికొనలతో నొక్కితే ఆ గుంటే లోపల పుండు చేస్తుంది. మణికట్టు ఫ్రాక్చర్‌కి వేసే స్లాబ్ అరచేతి మడతల దగ్గరే ఆగిపోవాలి, పిడికిలి మూయగలగాలి, లేకపోతే ఆరు వారాల తర్వాత ఎముక అతుక్కుని వేళ్ళు బిగుసుకుపోయి వస్తారు. ఇవన్నీ పుస్తకం కంటే ప్లాస్టర్ రూంలో ఇరవై ఏళ్ళుగా ఉన్న అన్న దగ్గర బాగా నేర్చుకోవచ్చు, ఆయనకి చాయ్ తాగించండి, మీ ఎంఎస్‌లో సగం ఆయన చేతిలో ఉంది.

థామస్ స్ప్లింట్‌లో (విరిగిన కాలిని కదలకుండా పట్టే ఇనుప చట్రం) పెట్టిన కాలు బయటికి దొర్లి ఫిబులా మెడ దగ్గర నరం నొక్కుకుంటే పాదం పైకి లేవదు, అంటే ఫుట్ డ్రాప్. అందుకే పొద్దున రౌండ్స్‌కి ముందు ప్రతి మంచం దగ్గరా బొటనవేలు పైకి లేపించండి. టిబియాలో ట్రాక్షన్ పిన్ (బరువు కట్టి కాలు లాగడానికి ఎముకలోంచి వేసేది) మోకాలి ముందున్న ఎముక బుడిపెకి సుమారు 2 సెంటీమీటర్లు వెనక్కి, కాస్త కిందికి, బయటి నుంచి లోపలికి వేస్తారు, కారణం ఆ నరమే. తొడ ఎముక కింది భాగంలో అయితే లోపలి నుంచి బయటికి, అక్కడ భయం రక్తనాళం. మోకాలి లిగమెంట్ తెగిందని అనుమానం ఉంటే టిబియాలో పిన్ వద్దు. మొదటి రెండు మూడు మాత్రం సీనియర్ పక్కనుంటేనే వేయండి, వీడియో చూసి ధైర్యం తెచ్చుకోకండి.

మీ యూనిట్ అడ్మిషన్ డే రోజు క్యాజువాలిటీ ఎలా ఉంటుందో నేను చెప్తే అర్థం కాదు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) కేసులు, వాన పడితే జారిపడ్డ డెలివరీ అబ్బాయిలు, సంక్రాంతి వారంలో గాలిపటాల కోసం మేడ ఎక్కి పడ్డ పిల్లలు. వంకర తిరిగిన కాలు కళ్ళని లాగేస్తుంది, కానీ ముందు ఊపిరి, బీపీ, తర్వాతే కాలు. ఒక్క తొడ ఎముక విరిగితేనే లోపల లీటరు, లీటరున్నర రక్తం పోవచ్చు, బయటికి చుక్క కనపడదు. పెల్విస్ (కటి ఎముక) విరిగిందనిపిస్తే నొక్కి ఊపి చూడకండి, దుప్పటి మడిచి తుంటి పక్క ఎముకల ఎత్తులో బిగించి కట్టండి, చాలామంది నడుముకి కడతారు, అక్కడ కడితే లాభం లేదు. చర్మం చిట్లిన ఓపెన్ ఫ్రాక్చర్‌కి, పేషెంట్ వచ్చిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలి, టీటీ వేయాలి, గాయం ఒక్క ఫొటో తీసి సెలైన్ గాజుగుడ్డతో కప్పేయాలి, అంతే, వచ్చిన ప్రతి సీనియర్‌కీ విప్పి చూపించొద్దు. కారు డ్యాష్‌బోర్డుకి మోకాలు తగిలి తుంటి కీలు జారినవాళ్ళకి ఆరు గంటల్లోపు ఎముకని మళ్ళీ కీలులోకి ఎక్కించాలి, ఎక్కించే ముందు పాదం కదులుతుందో లేదో కేస్ షీట్‌లో రాయండి, తర్వాత కదలకపోతే అది మీరు చేసినట్టు అవుతుంది. యాక్సిడెంట్ అయితే ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసుగా రాయాలి. కుడి ఎడమలు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తి మాటగా రాయాలి, కింద టైం వేయాలి.

మోచేయి పైన విరిగిన పిల్లలతో ఒక చిట్కా. నరాలు చూడాలంటే ఏడుస్తారు, చేయి తాకనివ్వరు. రాక్, పేపర్, సిజర్ ఆడండి. పిడికిలి అయితే మీడియన్ నరం పనిచేస్తున్నట్టు, చేయి చాచితే రేడియల్, రెండు వేళ్ళ కత్తెర అయితే అల్నార్, చివర్లో "బిర్యానీ ఎలా ఉంది, సూపర్ అని చూపించు" అని బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుట్టించండి. ఆ సున్నా గుండ్రంగా రాక వేలికొనలు చదునుగా అతుక్కుంటే యాంటీరియర్ ఇంటరాసియస్ నరం దెబ్బతింది, ఈ ఫ్రాక్చర్‌లో ఎక్కువగా దెబ్బతినేది అదే.

రాత్రి సీనియర్‌కి ఎక్స్‌రే వాట్సాప్ చేసేటప్పుడు పేరు కనపడకుండా, రెండు వ్యూలు, ఎముకకి పైన కింద జాయింట్లు పడేలా పెట్టండి. దాంతో పాటు ఒక్క మెసేజ్ చాలు: "45 మగ, కుడి టిబియా షాఫ్ట్, క్లోజ్డ్, పడి 3 గంటలు, పల్స్ ఉంది, బొటనవేలు లేపుతున్నాడు, వేలు వంచితే ఎక్కువ నొప్పి లేదు, షుగర్ ఉంది, 8కి అన్నం తిన్నాడు, స్లాబ్ వేశాను." ఇలా పంపితే ఆయన "ఓకే" అని పెట్టి పడుకుంటారు. "సార్ ఒక ఫ్రాక్చర్ వచ్చింది" అని పంపితే పది ప్రశ్నలు, ఆ పైన తిట్లు, రెండూ న్యాయమే.

వార్డులో ఇంకో రెండు విషయాలు. తొడ ఎముక విరిగిన కుర్రాడు రెండో రోజో మూడో రోజో అయోమయంగా మాట్లాడితే, తాగుడు మానేసినందుకు వణుకు వస్తోందని రాసేయకుండా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) చూడండి, చంకల్లో ఛాతీ మీద సూదిమొనల్లాంటి ఎర్ర చుక్కలు చూడండి, అది ఫ్యాట్ ఎంబోలిజం, అంటే ఎముకలోని కొవ్వు రక్తంలోకి చేరి నాళాల్లో అడ్డుపడటం, కావచ్చు. తుంటి విరిగిన ముసలమ్మలు గొడవ చేయరు, అదే ప్రమాదం, మూలన అలాగే పడుకుంటే వీపుకి పుండ్లు పడిపోతాయి. వాళ్ళకి సర్జరీ వీలైతే 48 గంటల్లోపు జరగాలి, కానీ ఆలస్యమంతా కాగితాల దగ్గరే, అందుకని రక్త పరీక్షలు, ఈసీజీ, ఎనస్థీషియా వాళ్ళ ఫిట్‌నెస్, ఆరోగ్యశ్రీ అప్రూవల్ మొదటి రోజే మొదలుపెట్టండి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, అది చాలా ఇళ్ళల్లో తెలియదు, ఇంప్లాంట్ ఖర్చుకి భయపడి ఇంటికి తీసుకుపోదాం అనుకుంటారు. కొంతమంది పుత్తూరు కట్టుకి వెళ్దామా అని మెల్లగా అడుగుతారు. వెక్కిరించకండి, వెక్కిరిస్తే చెప్పకుండా వెళ్ళిపోతారు. ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, ఈ రెండు ముక్కలు ఇంత దూరం జరిగాయి, పైన కడితే దగ్గరకి రావు అని చూపించండి, ఎక్కువమంది ఆగిపోతారు.

ఓటీ (ఆపరేషన్ థియేటర్) గురించి క్లుప్తంగా. తిని వెళ్ళండి, కాలు పట్టుకుని రెండు గంటలు నిలబడాలి. టోర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) ఎక్కించిన టైం బోర్డు మీద రాయడం, గంటకి ఒకసారి పైకి చెప్పడం మీ పని, రెండు గంటలు దాటనివ్వొద్దు. సి-ఆర్మ్ (ఓటీలో వాడే ఎక్స్‌రే యంత్రం) ఉన్నప్పుడు లెడ్ ఏప్రాన్, మెడకి థైరాయిడ్ షీల్డ్ లేకుండా నిలబడకండి, బరువుగా ఉందని హీరోయిజం వద్దు, ఒక్క అడుగు వెనక్కి వేసినా డోస్ బాగా తగ్గుతుంది. ఏప్రాన్ మడత పెట్టకండి, లోపల సీసం పగులుతుంది, వేలాడదీయండి. ఓటీ చెప్పుల మీద పేరు రాసుకోండి, అయినా పోతాయి.

జేబులో బ్యాండేజీ కత్తెర, మార్కర్, ఒక ప్లాస్టర్ టేపు. ఇంకేం లేకపోయినా కత్తెర ఉండాలి.

స్లాబ్ వేసి ఇంటికి పంపేవాళ్ళకి కాగితం మీద రాసిస్తే సరిపోదు, చాలామంది చదవరు. నోటితో చెప్పండి, చేయి కిందకి వేలాడదీయొద్దు, వేళ్ళు ఆడిస్తూ ఉండాలి, నీలంగా అయినా తిమ్మిరెక్కినా మాత్ర వేసినా నొప్పి ఆగకపోయినా రాత్రి రెండైనా వచ్చేయాలి అని. చెప్పి వదిలేయకుండా వాళ్ళతో తిరిగి చెప్పించండి. మొన్న ఒక అవ్వకి ఇలాగే చెప్పి "నేనేం చెప్పా?" అని అడిగితే, కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పైకెత్తి పట్టుకుని "ఏళ్ళు మొద్దువారితే అర్ధరాత్రైనా దవాఖానకు రావాలె, నువ్వు పండుకున్నా లేపాలె, గంతే గదా బిడ్డా" అంది.