ఎండలు ముదిరేలోపు: బల్ల మీద ఒకే డబ్బా

పోయిన నెల టెక్సస్‌లో మేం వెళ్లే షూటింగ్ రేంజిలో ఒకాయన రైఫిల్ పేలింది. బోల్టు (తూటా వెనక మూసే గడియ) బిగుసుకుపోయింది, స్టాకు (భుజానికి ఆనించే కట్టె) నిలువునా చీలింది. కళ్లద్దాలు ఉండబట్టి కళ్లు దక్కాయి. తూటాలు ఇంట్లో ఆయనే నింపుకున్నవి. తర్వాత చూస్తే బల్ల మీద రెండు పౌడర్ డబ్బాలు, అంటే తూటాలో పోసే మందు, అందులో ఒకటి పిస్టల్‌ది. గ్రెయిన్‌లో (మందు తూచే చిన్న కొలత) పదో వంతు దాకా తూచే మనిషి, డబ్బా మీద పేరు చదవలేదు.

(ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి మొదలుపెట్టకండి. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.)

కళ్లద్దాలు, చెవులకు మఫ్‌ల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒక్కటే: బల్ల మీద ఒకే డబ్బా. పిస్టల్ మందు గబుక్కున మండుతుంది, రైఫిల్ మందు నిదానంగా మండుతుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే రైఫిల్ తూటాకు గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). రైఫిల్ కొలతలో పిస్టల్ మందు పోస్తే ఒత్తిడి ఆ హద్దును ఎప్పుడో దాటేస్తుంది. రైఫిల్ మందుల్లోనూ పేర్లు మోసం చేస్తాయి. ఐఎంఆర్ 4831, హెచ్4831 ఒకటి కావు. మొదటిది త్వరగా మండుతుంది. ఒకదాని లెక్క రెండోదానికి పనికిరాదు. హాపర్‌లో (కొలత యంత్రం మీది మందు గిన్నె) మిగిలింది ఏ మందో గుర్తులేదా? ఏ డబ్బాలోనూ తిరిగి పోయకండి. బల్ల మీద ఒకే డబ్బా ఉంటే ఈ టెన్షనే ఉండదు.

ఇక ఎండ. జనవరి చలిలో కుదిరిన లోడు (తూటాలో పోసే మందు కొలత) జూలైలో అదే ఒత్తిడి ఇవ్వదు, పెరుగుతుంది. వేడెక్కిన ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే చోటు) తూటా పెట్టి గాలి తగ్గేదాకా ఎదురుచూడకండి. బోల్టు లేపడం గట్టిగా ఉంటే, కేసు (తూటా ఇత్తడి గొట్టం) అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే పిన్ను) గుర్తు పడితే, అక్కడితో ఆపండి. మిగిలిన తూటాలు ఇంటికి తెచ్చి విప్పండి.

లోడు అచ్చు మాన్యువల్ నుంచే, వాట్సాప్‌లో బావమరిది పంపింది కాదు. కింది కొలతతో మొదలుపెట్టండి. బుల్లెట్, ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న టోపీ), కేసు, ఏది మారినా మళ్లీ కిందినుంచే. ప్రైమర్లు సీసాలో కుమ్మరించొద్దు. ఒలికిన మందు వాక్యూమ్‌తో లాగొద్దు. చేతులు కడగకుండా అన్నం ముట్టొద్దు, ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఫోను పక్క గదిలో. మందు కొట్టి మందు తూచొద్దు. రెండో డబ్బా బీరువాలో. మళ్లీ చెబుతున్నా, రెండో డబ్బా బీరువాలో. లేబుల్ లేని తూటా కాల్చొద్దు, మీరే నింపినా సరే.