అనుభవం లేకుండా నెట్‌వర్కింగ్‌లోకి ఎలా రావాలి?

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఏ సర్టిఫికేషన్ చెయ్యమంటారు?" అని. ఇంటర్వ్యూలో ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఇంచుమించు ఇలా ఉంటుంది: "నెట్ రావట్లేదని ఒకాయన ఫోన్ చేశాడు. ఏం చూస్తారు?" సర్టిఫికేషన్ చేతిలో ఉండి కూడా దీని దగ్గర నీళ్లు నమిలేవాళ్లు చాలామంది. అందుకే ముందు ఈ ప్రశ్నకు తయారవుదాం, పరీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు.

1. మీ కంప్యూటర్‌తోనే మొదలుపెట్టండి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) అని కొట్టండి. మ్యాక్‌లో, లినక్స్‌లో కమాండ్ పేరు వేరు, కనిపించే వివరాలు ఇంచుమించు అవే. ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతవరకో చెప్పేది), డిఫాల్ట్ గేట్‌వే (బయటికి వెళ్లే ద్వారం, ఇంట్లో అయితే మీ రూటర్), డీఎన్‌ఎస్ సర్వర్ - ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. మీ అడ్రస్ 192.168తోనో 10తోనో మొదలైతే అది ప్రైవేట్ అడ్రస్, అంటే ఇంటి, ఆఫీసు నెట్‌వర్క్ లోపల మాత్రమే వాడేది. 169.254తో మొదలైతే మాత్రం తేడా ఉంది. అడ్రస్‌లు పంచిపెట్టే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే ఒక నంబరు పెట్టుకుందని అర్థం.

అవతలి పరికరం పలుకుతోందో లేదో చూసే కమాండ్ పింగ్. ఇప్పుడు వరసగా మూడు పింగ్‌లు చెయ్యండి. మొదట గేట్‌వేకి. జవాబు రాకపోతే లోపం దగ్గర్లోనే, కేబుల్‌లోనో వైఫైలోనో, ఉండే అవకాశం ఎక్కువ. అది వస్తే 8.8.8.8కి పింగ్ చెయ్యండి. ఇది గూగుల్ నడిపే డీఎన్‌ఎస్ సర్వర్. దీనికీ జవాబొస్తే బయటికి దారి ఉన్నట్టే. చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరుతో చెయ్యండి. 8.8.8.8 పలికి, పేరును మాత్రం కనుక్కోలేకపోతోందంటే దారిలో ఇబ్బంది లేదు, పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే చిక్కు. (పింగ్‌కి జవాబివ్వకుండా కట్టడి చేసిన పరికరాలూ ఉంటాయి. జవాబు రాలేదని వెంటనే "డౌన్" అనెయ్యకండి.) పైన చెప్పిన ఫోన్ కాల్ ప్రశ్నకు సగం జవాబు ఇదే.

2. థియరీ: అవసరమైనంత

నెట్‌వర్క్ పనిని అంతస్తులుగా విడదీసి చూపే ఓఎస్ఐ మోడల్‌లో ఏడు లేయర్లు. పేర్లు బట్టీ పట్టడం పెద్ద పనేం కాదు, దానివల్ల ఒరిగేదీ తక్కువే. కింది నాలుగూ గట్టిగా పట్టుకోండి: కేబుల్, మ్యాక్ అడ్రస్ (ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే సొంత నంబరు) చూసి పనిచేసే స్విచ్, ఐపీ అడ్రస్ చూసి దారి చూపే రూటర్, ఆ పైన డేటాను చేరవేసే పద్ధతులైన టీసీపీ, యూడీపీ. దూరం నుంచి పరికరంలోకి లాగినయ్యే ఎస్ఎస్‌హెచ్‌కి 22, డీఎన్‌ఎస్‌కి 53, హెచ్‌టీటీపీఎస్‌కి 443 లాంటి పోర్ట్ నంబర్లు (ఏ సేవకు వెళ్లాలో చెప్పేవి) వాడుతుంటే అవే వచ్చేస్తాయి.

అందరికీ టెన్షన్ పెట్టేది సబ్‌నెట్టింగ్, అంటే ఒక నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టడం. నిజానికి అది కూడికలు, తీసివేతల లెక్క. స్లాష్ 24 (అడ్రస్‌లోని 32 బిట్లలో మొదటి 24 నెట్‌వర్క్‌కి) అంటే 256 అడ్రస్‌లు. మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి (అందరికీ ఒకేసారి పంపడానికి) పోగా 254 వాడుకోవచ్చు. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి స్లాష్ 26, అంటే 64 అడ్రస్‌లు. ముక్కలు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. మరి 192.168.1.100 ఏ ముక్కలో ఉంది? 64కీ 128కీ మధ్య ఉంది కాబట్టి 64తో మొదలయ్యేదాంట్లో. దాని బ్రాడ్‌కాస్ట్ 127, పరికరాలకు ఇవ్వదగ్గవి 65 నుంచి 126 వరకు. ఇలాంటివి రోజుకు పది లెక్కలు కాగితం మీద చెయ్యండి. కొన్ని వారాలు పోయాక చూడగానే చెప్పేస్తారు.

3. ల్యాబ్ కట్టండి, చెడగొట్టండి

పరికరాలు కొననక్కర్లేదు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో నడిపే నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే, నెట్‌వర్క్‌ను తెరమీదే కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. రెండు కంప్యూటర్లు, ఒక స్విచ్ పెట్టి పింగ్ చెయ్యండి. ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్క్‌లుగా చీల్చేది వీల్యాన్. తర్వాత ఒకదాన్ని వీల్యాన్ 10లో, ఇంకోదాన్ని వీల్యాన్ 20లో వెయ్యండి. కేబుల్ అలాగే ఉంటుంది, లైట్లు పచ్చగానే వెలుగుతుంటాయి, పింగ్ మాత్రం ఆగిపోతుంది. వాటిని మళ్లీ మాట్లాడించడానికి రూటర్ తెచ్చి పెట్టిన రోజున వీల్యాన్ ఎందుకో, రూటర్ ఎందుకో రెండూ ఒకేసారి తెలుస్తాయి. ఆ తర్వాత కావాలనే ఒక గేట్‌వే తప్పుగా ఇచ్చి, మర్నాడు వచ్చి తప్పెక్కడో వెతకండి.

నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను పట్టి చూపించే వైర్‌షార్క్ కూడా ఉచితమే. అది నడుస్తుండగా వైఫై ఆపి మళ్లీ పెట్టండి. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అని డీహెచ్‌సీపీ సంభాషణ కళ్లముందు కనిపిస్తుంది. తెలిసిన నెట్‌వర్క్ కాబట్టి ఒక్కోసారి చివరి రెండే కనబడతాయి, కంగారు పడకండి.

4. ఇప్పుడు సర్టిఫికేషన్

సిస్కో ఇచ్చే సర్టిఫికేషన్ సిసిఎన్‌ఏ రాయడానికి ముందస్తు అర్హత ఏదీ అడగరు. పరీక్ష 120 నిమిషాలు, పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. కాంప్‌టియా సంస్థ ఇచ్చే నెట్‌వర్క్ ప్లస్ ఏ ఒక్క కంపెనీ పరికరాలకో పరిమితం కాదు, 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు. రూటర్లు, స్విచ్‌ల మీదే పనిచెయ్యాలనుకుంటే నా ఓటు సిసిఎన్‌ఏకే. లీకైన ప్రశ్నల జోలికి మాత్రం పోకండి. వాటితో పాసైనవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

5. ఉద్యోగం వెతికేటప్పుడు

"నెట్‌వర్క్ ఇంజినీర్" అని వెతికితే కనిపించే ప్రకటనల్లో చాలావరకు అనుభవం అడుగుతాయి. హెల్ప్ డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ టెక్నీషియన్, నాక్ (నెట్‌వర్క్‌లను రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే కేంద్రం) టెక్నీషియన్ అని వెతకండి. నాక్‌లో రాత్రి షిఫ్టులు తప్పవు, కానీ ఒకే రోజులో రకరకాల లోపాలు చూసే అవకాశం అక్కడే. రెజ్యూమెలో కోర్సుల జాబితాకు బదులు మీరు కట్టిన ల్యాబ్ గురించి నాలుగు వాక్యాలు రాయండి: ఏం కట్టారు, ఏది పనిచెయ్యలేదు, ఎలా పట్టుకున్నారు.

6. చేరాక

నా మొదటి ఏడాదిలో ఒక ట్రంక్ పోర్ట్‌కి (చాలా వీల్యాన్లు ఒకే కేబుల్ మీద వెళ్లే పోర్ట్) వీల్యాన్ 30 కలపమన్నారు. కమాండ్‌లో "యాడ్" అన్న మాట వదిలేశాను. సిస్కో స్విచ్‌లో అది లేకపోతే పాత జాబితా మొత్తం పోయి 30 ఒక్కటే మిగులుతుంది. ఒక అంతస్తు అంతటికీ నెట్ పోయింది, దూరం నుంచి ఆ స్విచ్‌లోకి వెళ్లే దారి కూడా దాంతోపాటే పోయింది. స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని మెట్లెక్కాను.

అప్పట్నుంచి దూరాన ఉన్న పరికరాన్ని ముట్టుకునే ముందు పాత కాన్ఫిగరేషన్ సేవ్ చేసి, "రీలోడ్ ఇన్ 10" కొడతాను. చేసిన మార్పుతో దారి తెగిపోయినా, పది నిమిషాలకు పరికరం తనంతట తానే రీస్టార్టయి సేవ్ చేసిన స్థితికి వచ్చేస్తుంది. పని సవ్యంగా జరిగితే మాత్రం "రీలోడ్ క్యాన్సిల్" కొట్టడం మర్చిపోకండి. మర్చిపోతే పదకొండో నిమిషానికి ఫోన్లు మొదలవుతాయి.