పగలు ఆఫీసు పని, రాత్రి గేములు: రెంటికీ ఒకే మానిటర్ ఎలా ఎంచుకోవాలి?

రోజుకు ఎనిమిది గంటలు ఎక్సెల్, మెయిళ్లు, కోడ్. రాత్రి ఓ రెండు గంటలు గేము. తీరా కొనేటప్పుడు మాత్రం చూపంతా డబ్బా మీద ముద్రించిన హెర్ట్జ్ (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదన్న లెక్క) అంకె మీదే. మనం ఎక్కువసేపు చూసేది అక్షరాలను కాబట్టి ముందు అక్షరం సంగతి, ఆ తర్వాతే వేగం సంగతి చూడాలి.

1. టేబుల్ కొలవండి

కంటికీ తెరకీ మధ్య 60-70 సెం.మీ. దూరం ఉండాలి, అంటే దాదాపు చేయి చాచినంత. 27 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 60 సెం.మీ. స్టాండే 20 సెం.మీ.కు పైగా లోతు తినేస్తుంది. టేబుల్ లోతు 50 సెం.మీ. మాత్రమే అయితే 24 అంగుళాలతో సరిపెట్టుకోండి. లేదంటే వెనక 100×100 మి.మీ. వెసా రంధ్రాలున్న (మరలు బిగించే ప్రామాణిక కొలత) మోడల్ తీసుకుని, స్టాండ్ బదులు మానిటర్ ఆర్మ్‌కి బిగించండి.

2. సైజుకు తగ్గ రిజల్యూషన్ చూడండి

రిజల్యూషన్ అంటే తెర మీద ఎన్ని పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) ఉన్నాయన్న లెక్క: 1080పి అంటే 1920×1080, 1440పి అంటే 2560×1440, 4కె అంటే 3840×2160. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. చవగ్గా వస్తోందని 27 అంగుళాల 1080పి కొంటారు. అందులో అంగుళానికి 82 పిక్సెళ్లే ఉంటాయి. 24 అంగుళాల 1080పిలో 92, 27 అంగుళాల 1440పిలో 109, అదే సైజు 4కెలో 163.

ఇంగ్లిష్ మాత్రమే చదివేవాళ్లు 82తో ఎలాగో నెట్టుకొస్తారు. తెలుగుకి అది చాలదు. షాపులో ఏదైనా తెలుగు వార్తాపేజీ తెరిచి, జూమ్ 100 శాతంలో పెట్టి ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ లాంటి మాటలు చూడండి. కింది ఒత్తులు ముద్దకట్టినా, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా కోసం కళ్లు చికిలించాల్సి వచ్చినా ఆ మానిటర్ వద్దు.

4కె అక్షరాలు అద్దంలా ఉంటాయి. కానీ 27 అంగుళాల్లో విండోస్ స్కేలింగ్ (తెర మీది అక్షరాలన్నిటినీ పెద్దవి చేసే సెట్టింగ్) 150 శాతం పెట్టక తప్పదు. అప్పుడు తెర మీద పట్టేది 1440పిలో పట్టినంతే. గేములో గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఒక్కో ఫ్రేముకి 83 లక్షల పిక్సెళ్లు గీయాలి. 1440పిలో అయితే 37 లక్షలు, 1080పిలో 21 లక్షలు చాలు. మధ్యరకం కార్డు ఉన్నవాళ్లకి 27 అంగుళాల 1440పియే సరైన జోడీ.

34 అంగుళాల అల్ట్రావైడ్ (మామూలుకన్నా బాగా వెడల్పైన తెర) మీద మోజుంటే ఒక్కమాట: మీటింగులో మొత్తం స్క్రీన్ షేర్ చేస్తే అవతలివాళ్ల మామూలు తెరల మీద మీ అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి.

3. ప్యానెల్

ప్యానెల్ అంటే బొమ్మను చూపించే తెర. ఇక్కడ చూడాల్సిన రకాలు మూడు: ఐపీఎస్, వీఏ, ఓఎల్ఈడీ. రెండు పనులకూ ఐపీఎస్ తీసుకోండి. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది గానీ, చీకటి సన్నివేశాల్లో కదిలే వస్తువుల వెనక మసక తోక కనిపిస్తుంది. డార్క్ మోడ్‌లో పేజీ స్క్రోల్ చేసినా అదే గొడవ. ఓఎల్ఈడీ గేములకి రారాజే. కానీ టాస్క్‌బార్, ఎక్సెల్ గడులు రోజంతా కదలకుండా ఉంటే కొన్నాళ్లకు వాటి మచ్చ తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. చాలా మోడళ్లలో అక్షరాల అంచులకి సన్నని రంగు గీతలు కూడా కనిపిస్తాయి.

4. హెర్ట్జ్

60 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144లో 6.9. ఈ తేడా మౌస్ కదిపితేనే తెలిసిపోతుంది. 240కి వెళ్తే 4.2, అంటే కలిసొచ్చేది ఇంకో 2.7 మాత్రమే. షూటింగ్ గేములు పోటీపడి ఆడేవాళ్లకే దానితో పని. మిగతావాళ్లకి 144-180 చాలు. అడాప్టివ్ సింక్ (గ్రాఫిక్స్ కార్డు ఫ్రేములు పంపే వేగానికి తగ్గట్టు తెర వేగం మార్చుకునే సౌకర్యం) మాత్రం ఉండి తీరాలి.

పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం ‘1 మిల్లీసెకన్’ అన్న ప్రచారాన్ని పెద్దగా పట్టించుకోకండి. ఆ అంకె సాధారణంగా ఓవర్‌డ్రైవ్‌ని (పిక్సెళ్లు త్వరగా రంగు మార్చేలా చేసే మానిటర్ సెట్టింగ్) గరిష్ఠానికి పెట్టినప్పుడే వస్తుంది. అలా పెడితే కదిలే బొమ్మ చుట్టూ తెల్లటి నీడలు పడతాయి, అందుకే మధ్య సెట్టింగ్‌లో ఉంచండి. హెచ్‌డీఆర్ (వెలుగుచీకట్ల తేడాను ఎక్కువగా చూపించే సౌకర్యం) 400 ముద్ర కోసం కూడా అదనంగా డబ్బు పెట్టొద్దు.

5. పోర్టులు

1440పిలో 144 హెర్ట్జ్ రావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ హెచ్‌డీఎంఐ 2.0 గానీ ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ కూడా కలపాలనుకుంటే కనీసం 65 వాట్ల చార్జింగ్ ఇచ్చే యూఎస్‌బీ-సీ ఉన్న మోడల్ చూడండి. ఒకే వైరుతో బొమ్మా వస్తుంది, చార్జింగూ అవుతుంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ-సీ పోర్టుకి వీడియో పంపే సౌకర్యం ఉందో లేదో ముందే కనుక్కోండి. అన్నిటికీ ఉండదు.

6. ఇంటికొచ్చాక

డబ్బా తెరవడం మొదలు వీడియో తీయండి. తెర నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా పెట్టి చచ్చిన పిక్సెళ్లు వెతకండి. గది చీకటి చేసి, నలుపు తెర మీద మూలల్లో వెలుగు కారుతోందేమో చూడండి. వాపసు గడువు దాటేలోపే ఇదంతా అయిపోవాలి.

కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి కాదు, గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే పెట్టండి. తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ మార్చండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, ఇది మార్చక నెలల తరబడి 60లోనే వాడేవాళ్లు బోలెడుమంది.

చివరగా బ్రైట్‌నెస్. తెర పక్కన ఒక తెల్లకాగితం పట్టుకోండి. తెరలోని తెలుపు కాగితం కన్నా మెరిసిపోతుంటే, రెండూ ఒకేలా కనిపించేదాకా తగ్గించండి. పగటికొకటి, రాత్రికొకటి కుదిరిన అంకెలు రాసిపెట్టుకోండి.